కెనడా కుటుంబ ఆదాయంలో జీతం ఎంత, ప్రభుత్వ సొమ్ము ఎంత, పన్ను పోగా మిగిలేది ఎంత?

ప్రశ్న: బ్రాంప్టన్ కొత్తవాడు

అందరికీ నమస్కారం. మేము శాశ్వత నివాస అనుమతితో 2023లో ఖమ్మం నుంచి ఒంటారియోలోని బ్రాంప్టన్‌కు వచ్చాము. 2024లో నా జీతం 65 వేల డాలర్లు. నాలుగేళ్ల అమ్మాయి, ఎనిమిదేళ్ల అబ్బాయి ఉన్నారు. ప్రతి నెలా 20వ తేదీ ప్రాంతంలో పిల్లల పేరిట చైల్డ్ బెనిఫిట్ మా ఆవిడ ఖాతాలో పడుతుంది.

మొన్న మా బావమరిది ఫోన్ చేసి, "అక్కడ సర్కారే ఇల్లు గడిపేస్తుందట కదా బావా, నిజమేనా?" అని అడిగాడు. కోతలన్నీ పోగా మిగిలిన జీతపు చీటీని చేతిలో పట్టుకుని ఉన్న నాకు ఏం జవాబు చెప్పాలో తోచలేదు. ఆ తర్వాత స్టాటిస్టిక్స్ కెనడా ప్రచురించిన 2021 జనాభా లెక్కల పట్టికలు చూశాను. కుటుంబాల మొత్తం ఆదాయపు మధ్యస్థం 84 వేల డాలర్లనీ, పన్ను పోగా మిగిలిన ఆదాయపు మధ్యస్థం 73 వేల డాలర్లనీ అందులో ఉంది. నా సందేహాలు మూడు. ఒకటి, ప్రభుత్వం ఇచ్చిన డబ్బును ఆదాయంలో కలిపి, మళ్లీ ప్రభుత్వానికి కట్టిన పన్నును తీసివేయడంలో అర్థమేమిటి? ఒకే సొమ్ము ఈ చేతి నుంచి ఆ చేతికి మారినట్టే కదా? రెండు, పై లెక్క ప్రకారం సాధారణ కుటుంబం ఏడాదికి 11 వేల డాలర్ల పన్ను కడుతున్నట్టేనా? మూడోది సొంత గోల. మా ఆవిడకు ఏడాదికి 30 వేల డాలర్లు వచ్చే ఉద్యోగం దొరికేలా ఉంది. "ఆమె పనిలో చేరితే పిల్లల డబ్బు కోసేస్తారు, పన్ను వేస్తారు, ఏమీ మిగలదు" అని పక్కింటివారు అంటున్నారు. ఇందులో నిజమెంత?

జవాబు: లెక్కల మాస్టారు, మిస్సిసాగా

మొదటి రెండు ప్రశ్నలకు నేను జవాబు రాస్తాను. మూడోదానికి ఈ చర్చావేదికలో నాకంటే బాగా లెక్క వేయగలవారు ఉన్నారు.

స్టాటిస్టిక్స్ కెనడా కుటుంబ ఆదాయాన్ని మెట్లు మెట్లుగా చూస్తుంది. అడుగు మెట్టును మార్కెట్ ఆదాయం అంటారు. జీతాలు, సొంత వ్యాపారం మీద మిగిలిన లాభం, వడ్డీలు, డివిడెండ్లు, ఇంటి అద్దెలు, కంపెనీలు ఇచ్చే పింఛన్లు ఇందులోకి వస్తాయి. దానిపైన ప్రభుత్వ చెల్లింపులను కలుపుతారు: పిల్లల సాయం, నిరుద్యోగ కాలంలో వచ్చే ఈఐ, వృద్ధులకు వచ్చే ఓల్డ్ ఏజ్ సెక్యూరిటీ, దానికి అనుబంధంగా పేద వృద్ధులకు ఇచ్చే జీఐఎస్, కెనడా పింఛను పథకం సీపీపీ, తక్కువ ఆదాయం ఉన్నవారికి అమ్మకపు పన్ను భారం తగ్గించడానికి ఇచ్చే జీఎస్టీ క్రెడిట్, ప్రావిన్సులు ఇచ్చే సామాజిక సాయం మొదలైనవి. ఈ రెండూ కలిస్తే మొత్తం ఆదాయం. అందులోంచి కేంద్ర, ప్రావిన్సుల ఆదాయపు పన్నులు తీసివేస్తే పన్ను పోగా మిగిలిన ఆదాయం వస్తుంది. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. జీతపు చీటీలో కోత పడే సీపీపీ చందా, ఈఐ ప్రీమియం ఈ లెక్కలో పన్నుగా తీసివేయబడవు. అందుకే మీ చేతికొచ్చే డబ్బు పట్టికలోని "పన్ను పోగా" అంకె కంటే ఇంకా తక్కువగా కనిపిస్తుంది. పట్టికను చూసి తమకే అన్యాయం జరిగిందని బాధపడేవారిలో సగం మంది ఈ ఒక్క సంగతి తెలియక బాధపడుతున్నవారే.

ఒకే సొమ్ము చేతులు మారుతోందన్న మీ మాట దేశం మొత్తాన్ని ఒక ముద్దగా చూస్తే కొంతవరకు నిజమే. కుటుంబాలను విడివిడిగా చూసినప్పుడు మాత్రం పన్ను కట్టే ఇల్లు, సాయం అందుకునే ఇల్లు ఒకటే కానక్కరలేదు. ఒకటే అయినా రెండు మొత్తాలూ సమానం కావు. ఆదాయంలో అట్టడుగున ఉన్న అయిదో వంతు కుటుంబాలకు ప్రభుత్వ చెల్లింపులే ముఖ్యాధారం, వారు కట్టే ఆదాయపు పన్ను నామమాత్రం. పై వరుసకు వెళ్లేకొద్దీ చెల్లింపులు కరిగిపోతూ, పన్ను పెరుగుతూ ఉంటుంది. మీలాంటి మధ్య వరుసవారి ఇంట్లో రెండూ ఒకేసారి నడుస్తాయి, అందుకే గందరగోళంగా అనిపిస్తుంది. మార్కెట్ ఆదాయంలోని వ్యత్యాసాలకూ, పన్ను పోగా మిగిలిన ఆదాయంలోని వ్యత్యాసాలకూ మధ్య ఉన్న దూరాన్ని చూస్తేనే ప్రభుత్వం ఎంత సర్దుబాటు చేసిందో తెలుస్తుంది. రెండు మెట్లనూ విడిగా లెక్కించకపోతే ఆ దూరం కనిపించదు.

మీ బావమరిది అడిగినదానికి క్లుప్తంగా జవాబు చెప్పవచ్చు. 2016 జనాభా లెక్కలు 2015 ఆదాయాన్ని కొలిచాయి. దేశంలోని మొత్తం ఆదాయంలో ప్రభుత్వ చెల్లింపుల వాటా అప్పుడు సుమారు 11 శాతం. మిగిలినదంతా మార్కెట్ ఆదాయమే, అందులోనూ సింహభాగం ఉద్యోగాల మీద వచ్చినదే. కనుక సర్కారు ఇల్లు గడపడం లేదు. అయితే పదకొండు శాతం అందరి ఇళ్లలోనూ సమానంగా పరుచుకుని ఉంటుందని కూడా అనుకోరాదు. ఆయనకు చెప్పేటప్పుడు రైతుబంధుతో మాత్రం పోల్చకండి. అది ఎకరాల లెక్కన ఇచ్చినది, ఆసామికి ఎంత ఆదాయం ఉందన్నది దానికి పట్టేది కాదు. ఇక్కడి సాయాల్లో చాలావరకు ఆదాయం పెరిగేకొద్దీ తరిగేవే.

రెండో ప్రశ్నలో చిన్న పొరపాటు ఉంది. కుటుంబాలన్నిటినీ మొత్తం ఆదాయం ప్రకారం వరుసలో నిలబెట్టి, సరిగ్గా మధ్యనున్నదాన్ని తీస్తే 84 వేలు వచ్చింది. పన్ను పోగా మిగిలిన ఆదాయం ప్రకారం మళ్లీ వరుసలో నిలబెడితే ఆ వరుస వేరు, మధ్యన నిలబడే కుటుంబం వేరు. కాబట్టి రెండు మధ్యస్థాల మధ్య తేడాను మధ్యస్థ కుటుంబం కట్టిన పన్నుగా చెప్పడం కుదరదు. పైగా ఆ అంకెలు 2020 సంవత్సరానివి. ఆ ఏడాది సంగతి వేరే చెప్పుకోవాలి.

జవాబు: పన్నుల గుమాస్తా, స్కార్బరో

మీ మూడో ప్రశ్న నా దగ్గరకు ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో పదిమందైనా తెస్తారు. పక్కింటివారు చెప్పినది సగం నిజం. ఆ సగమేమిటో అర్థం కావాలంటే ముందుగా ఒక సూత్రం పట్టుకోవాలి. కెనడాలో పన్ను మనిషికి, సాయం కుటుంబానికి. భార్యాభర్తలు విడివిడిగా రిటర్నులు వేస్తారు, ఎవరి ఆదాయానికి వారి శ్లాబులు వర్తిస్తాయి. పిల్లల సాయాన్ని మాత్రం ఇద్దరి నికర ఆదాయాన్నీ కలిపి నిర్ణయిస్తారు. ఆదాయాన్ని భార్యాభర్తల మధ్య పంచుకునే వీలు కల్పిస్తూ పిల్లలున్న కుటుంబాలకు 2014లో ఒక పన్ను రాయితీ పెట్టారు కానీ, 2016 నుంచి దాన్ని ఎత్తివేశారు. పింఛను ఆదాయాన్ని పంచుకునే వెసులుబాటు మాత్రం 2007 నుంచి ఉంది.

ఇక మీ ఇంటి లెక్క. 2024 సంవత్సరపు ఒంటారియో రేట్లతో వేస్తున్నాను, డాలర్లను దగ్గరి అంకెకు సవరిస్తున్నాను. మీ ఇద్దరికీ జీతం తప్ప వేరే ఆదాయం లేదనీ, పన్ను తగ్గింపు దొరికే రిటైర్మెంట్ పొదుపు ఖాతా ఆర్‌ఆర్‌ఎస్‌పీలో ఏమీ వేయలేదనీ అనుకుందాం.

ముందుగా మీ ఆవిడ ఉద్యోగం చేయని పరిస్థితి చూద్దాం. 65 వేల జీతంపై మీరు ఒక్కరే ఉంటే కేంద్ర, ప్రావిన్సు పన్నులూ, ఒంటారియో ఆరోగ్య ప్రీమియం 600 డాలర్లూ కలిపి దాదాపు 10,500 డాలర్లు కట్టేవారు. ఆదాయం లేని జీవిత భాగస్వామిని పోషిస్తున్నందుకు కేంద్రం నుంచి సుమారు 2,360, ఒంటారియో నుంచి 530 డాలర్ల మేర పన్ను తగ్గుతుంది కనుక మీ పన్ను సుమారు 7,600కు దిగుతుంది. సీపీపీ, ఈఐలకు 4,700 పోతుంది. 2024 ఆదాయం ఆధారంగా 2025 జూలై నుంచి 2026 జూన్ వరకు చైల్డ్ బెనిఫిట్ ఇస్తారు. ఆ కాలానికి ఆరేళ్లలోపు బిడ్డకు గరిష్ఠంగా 7,997, ఆరు నుంచి పదిహేడేళ్ల బిడ్డకు 6,748 డాలర్లు. కుటుంబ ఆదాయం 37,487 దాటాక, ఇద్దరు పిల్లలుంటే ప్రతి అదనపు డాలరుకు 13.5 సెంట్ల చొప్పున తగ్గిస్తూ పోతారు. 81,222 దాటాక తగ్గింపు 5.7 సెంట్లకు నెమ్మదిస్తుంది. ఈ లెక్కన 65 వేలపై మీకు ఏడాదికి సుమారు 11,030, అంటే నెలకు 919 డాలర్లు వస్తాయి.

మీ ఆవిడ 30 వేల ఉద్యోగంలో ఉన్నట్టయితే ఎలా ఉంటుందో చూడండి. ఆమె జీతంపై పన్ను, ఆరోగ్య ప్రీమియంతో కలిపి 2,700. సీపీపీ, ఈఐ 2,075. మీకు భాగస్వామి పేరిట వచ్చే పన్ను తగ్గింపు పోతుంది, అది 2,890. చైల్డ్ బెనిఫిట్ 11,030 నుంచి 8,055కు పడిపోతుంది, అంటే మరో 2,975. మొత్తం కలిపితే 10,640. ముప్పై వేలు సంపాదిస్తే ఇంటికి అదనంగా చేరేది దాదాపు 19,360 డాలర్లు. మూడింట ఒక వంతుకు పైగా పోతున్నది నిజమే. "ఏమీ మిగలదు" అన్న మాట మాత్రం అబద్ధం. ఒంటారియో ఇచ్చే పిల్లల సాయం, జీఎస్టీ క్రెడిట్ ఇందులో కలపలేదు. మీ ఆదాయం దగ్గర ఆ రెండూ అడుగంటే దశలో ఉంటాయి కనుక తేడా కొన్ని వందల డాలర్లే.

కోతల జాబితాలో ఆమె పేరు మీద కట్టే పన్ను కంటే, మీ పన్ను పెరగడం వల్ల పోయేదీ, పిల్లల సాయంలో పోయేదీ ఎక్కువగా ఉన్నాయి. ఇవి రెండూ ఆమె జీతపు చీటీలో ఎక్కడా కనిపించవు. జీతపు చీటీ చూసి సంతోషించిన కుటుంబాలు మరుసటి జూలైలో ఖాతా చూసుకుని కంగారు పడటానికి కారణం ఇదే. పిల్లల సాయం ఏడాది ఆలస్యంగా సవరణ అవుతుందని గుర్తుపెట్టుకోండి. ఆమె ఉద్యోగం 2026లో మొదలైతే కోత 2027 జూలై నుంచి పడుతుంది. అంతవరకు పాత మొత్తమే వస్తుంది, దాన్ని శాశ్వతమనుకుని కారు వాయిదాలకు లంకె వేయవద్దు.

చిన్నపాపను డేకేర్‌లో వేయవలసి వస్తే ఆ ఖర్చు కూడా చూసుకోవాలి. కేంద్ర, ప్రావిన్సుల ఒప్పందంలో చేరిన కేంద్రాల్లో ఒంటారియో 2025 జనవరి నుంచి రోజు ఫీజును 22 డాలర్లకు పరిమితం చేసింది కానీ, సీటు దొరకడం వేరే యుద్ధం. కట్టిన ఫీజును ఏడేళ్లలోపు బిడ్డకు 8 వేల డాలర్ల వరకు, అంతకంటే పెద్దవారికి 5 వేల వరకు, సాధారణంగా తక్కువ ఆదాయం ఉన్న భాగస్వామి తన ఆదాయంలోంచి తీసివేసుకోవచ్చు. అది కుటుంబ నికర ఆదాయాన్ని కూడా తగ్గిస్తుంది కనుక పిల్లల సాయం కొంత పెరుగుతుంది. ఆర్‌ఆర్‌ఎస్‌పీ కూడా ఇలాగే రెండు వైపులా పని చేస్తుంది. 65 వేల ఆదాయం దగ్గర మీరు వేసే ప్రతి వెయ్యి డాలర్లకు పన్నులో దాదాపు మూడు వందలు తగ్గడమే కాక, మీ ఆవిడ ఉద్యోగం చేయనంతకాలం మరో 135 డాలర్లు పిల్లల సాయంగా తిరిగి వస్తాయి. ఈ రెండో లాభం సంగతి బ్యాంకులో కూర్చున్నవారు చెప్పగా నేను ఎన్నడూ వినలేదు.

ఒక సవరణ కూడా చెప్పాలి. కేంద్ర పన్ను మొదటి శ్లాబు రేటు 15 శాతం నుంచి 14 శాతానికి 2025 జూలై 1న తగ్గింది. కాబట్టి ఈ తర్వాతి సంవత్సరాల లెక్క మీకు కొద్దిగా అనుకూలంగానే మారుతుంది.

జవాబు: హాలిఫాక్స్ వాసి

మాస్టారు గారి వివరణ చక్కగా ఉంది కానీ, ఆయన రాసిన వర్గీకరణపై నాకు ఒక అభ్యంతరం ఉంది. ఆ వర్గీకరణ ఆయనది కాదు, గణాంక శాఖవారిది. అయినా చెప్పవలసిందే. సీపీపీని ప్రభుత్వ చెల్లింపుల్లో వేయడం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. ఉద్యోగి తన జీతంలోంచి 5.95 శాతం కడతాడు, యజమాని అంతే కడతాడు. సొంతంగా టాక్సీ నడుపుకునేవాడు రెండు వాటాలూ కలిపి 11.9 శాతం తానే కడతాడు. ఆ నిధిని ప్రభుత్వ ఖజానాతో సంబంధం లేని వేరే సంస్థ పెట్టుబడి పెడుతుంది. ముప్పై అయిదేళ్లు చందా కట్టిన వ్యక్తికి వచ్చే సీపీపీ "ప్రభుత్వ చెల్లింపు" అయి, కంపెనీ పింఛను మాత్రం "మార్కెట్ ఆదాయం" అయితే, పట్టిక చూసినవారికి వృద్ధులందరూ సర్కారు మీద బతుకుతున్నారన్న అభిప్రాయం కలుగుతుంది.

మా నోవాస్కోషియాలోనూ, మొత్తంగా అట్లాంటిక్ ప్రావిన్సుల్లోనూ ఆదాయంలో ప్రభుత్వ చెల్లింపుల వాటా ఆల్బెర్టాతో పోలిస్తే బాగా ఎక్కువ. ఇక్కడ వయసు మళ్లినవారు ఎక్కువ, చేపల వేట వంటి కాలానుగుణమైన పనులు ఎక్కువ. వేట లేని నెలల్లో ఈఐ వస్తుంది, ఆపైన జీతాలు తక్కువ. ఆల్బెర్టాలో పడుచు జనాభా, చమురు జీతాలు. దీన్ని చూసి తూర్పువారు సోమరులనే మాట పశ్చిమాన వినిపిస్తూ ఉంటుంది. ఆల్బెర్టా చమురు కంపెనీలకు వెళ్లి పనిచేసి, పింఛను వయసుకు సొంత ఊరు చేరుకున్న న్యూఫౌండ్‌లాండ్ కార్మికుడిని ఆ మాట అనేవారు ఏ లెక్కలో వేస్తారో నాకు తెలియదు. అతడు సంపాదించినప్పటి పన్ను ఒక ప్రావిన్సు పద్దులో, పింఛను మరో ప్రావిన్సు పద్దులో కనిపిస్తుంది.

వార్తల్లో తరచుగా వినిపించే ఈక్వలైజేషన్ చెల్లింపులను కూడా ఈ పట్టికతో కలపవద్దు. 1957లో మొదలైన ఆ పథకం కింద కేంద్రం పేద ప్రావిన్సుల ప్రభుత్వాలకు డబ్బు ఇస్తుంది. అది ఆసుపత్రులు, బడుల రూపంలో జనానికి చేరవచ్చు, కానీ ఎవరి ఇంటి ఆదాయంలోనూ నమోదు కాదు.

జవాబు: లెక్కల మాస్టారు, మిస్సిసాగా

హాలిఫాక్స్ వాసి గారి అభ్యంతరంలో న్యాయం ఉంది. నా సమాధానం ఒక్కటే. వర్గీకరణ ఏదైనా ఒక గీత గీయక తప్పదు, చట్టం ద్వారా తప్పనిసరి చేసి చట్టం ద్వారా చెల్లించేదాన్ని ఒక వైపు ఉంచారు. ఈఐ కూడా చందాలతో నడిచేదే, దాన్నీ అటే ఉంచారు. వృద్ధుల ఆదాయం చూసేటప్పుడు మాత్రం చందాతో సంబంధం లేని ఓల్డ్ ఏజ్ సెక్యూరిటీ, జీఐఎస్‌లను సీపీపీ నుంచి విడదీసి చదవడం మంచి అలవాటు. పట్టికల్లో అవి విడివిడిగానే దొరుకుతాయి.

జవాబు: అంకెల పిచ్చివాడు, ఒట్టావా

2020 సంగతి వేరే చెప్పుకోవాలని మాస్టారు గారు అన్నారు కనుక ఆ వివరం రాస్తున్నాను. జనాభా లెక్కలు అయిదేళ్లకొకసారి జరుగుతాయి, ఆదాయం మాత్రం అంతకుముందు సంవత్సరానిది తీసుకుంటారు. 2021 లెక్కలకు ఆధారం 2020, అంటే కోవిడ్ సంవత్సరం. ఆ ఏడాది పెద్దవారిలో మూడింట రెండు వంతులకు పైగా, సుమారు 2 కోట్ల 7 లక్షల మంది, ఏదో ఒక కోవిడ్ సాయం అందుకున్నారు. వాటిలో పెద్దదైన సెర్బ్ వారానికి 500 డాలర్ల చొప్పున వచ్చింది. ఫలితం చిత్రంగా ఉంది. లక్షలాది ఉద్యోగాలు నిలిచిపోయిన సంవత్సరంలో, ధరల పెరుగుదల తీసివేశాక కూడా, పన్ను పోగా మిగిలిన ఆదాయపు మధ్యస్థం 2015తో పోలిస్తే 9.8 శాతం పెరిగింది. అధికారిక పేదరికపు రేటు 2020లో 6.4 శాతానికి దిగింది. సాయాలు ఆగిపోయి, ధరలు ఎగబాకాక అది 2022లో 9.9 శాతానికి చేరింది.

అందుచేత 2015ను 2020తో పోల్చి "ప్రభుత్వంపై ఆధారపడటం పెరిగిపోయింది" అని రాసే వ్యాసాలను కాస్త అనుమానంగా చదవండి. సెర్బ్ మీద ఇంకో మాట కూడా ఉంది. అది పన్ను పడే ఆదాయమే అయినా, చెల్లించేటప్పుడు ఏమీ కోయలేదు. మరుసటి వసంతంలో రిటర్ను వేసినప్పుడు పన్ను కట్టమంటే చాలామందికి గుండె గుభేలుమంది. ఆ తర్వాత వచ్చిన మరో కోవిడ్ సాయం సీఆర్‌బీలో ముందే 10 శాతం కోసి ఇచ్చారు. పిల్లల సాయానికి ఈ బెడద లేదు, దానిపై పన్నే లేదు. 2016కు ముందున్న పాత పిల్లల సాయాల్లో ఒకదానిపై పన్ను ఉండేది. ఆ జ్ఞాపకంతో ఇప్పటికీ కొందరు చైల్డ్ బెనిఫిట్‌ను రిటర్నులో ఎక్కడ చూపించాలని అడుగుతుంటారు.

పట్టికలు పోల్చేవారు ఇంకొకటి చూసుకోవాలి. కెనడియన్ ఇన్‌కమ్ సర్వే అనే వార్షిక సర్వేలో కొలమానం "కుటుంబాలు, ఒంటరి వ్యక్తులు". అందులో 2022 మధ్యస్థం 70,500 డాలర్లు. జనాభా లెక్కల కొలమానం ఒకే ఇంట్లో ఉండేవారందరూ. బ్రాంప్టన్‌లో నేల కింది గదిలో అద్దెకుండే ముగ్గురు స్నేహితులు ఒక లెక్కలో ఒక ఇల్లు, మరో లెక్కలో ముగ్గురు ఒంటరివారు. 73 వేలు 70,500కు తగ్గాయని చెప్పడం ఈ కారణంగా తప్పు. జాతీయ ఆదాయ ఖాతాల్లో కనిపించే కుటుంబ ఆదాయమైతే ఇంకా దూరపు చుట్టం. సొంత ఇంట్లో ఉంటున్నవారికి ఆ ఇంటి అద్దె విలువను కూడా ఆదాయంగా ఊహించి కలుపుతారు.

బ్రాంప్టన్ కొత్తవాడు

అందరికీ కృతజ్ఞతలు. గుమాస్తా గారి లెక్క చదివి మా ఆవిడ ఉద్యోగంలో చేరాలనే నిర్ణయించుకుంది. పంతొమ్మిది వేలు ఏమీ మిగలకపోవడం ఎలా అవుతుందని పక్కింటివారిని తానే అడుగుతానంటోంది. ఇంకా రెండు చిన్న సందేహాలు. మా అమ్మానాన్నలను ఇక్కడికి పిలిపించుకుంటే వారికి వృద్ధాప్య పింఛను వస్తుందా? ఖమ్మంలో నా పేరుతో ఉన్న ఇంటి అద్దె, బ్యాంకు డిపాజిట్ మీద వడ్డీ ఇక్కడ చూపించాలా? వడ్డీపై ఇండియాలో పన్ను లేదు, అది ప్రవాస భారతీయుల కోసం ఉన్న ఎన్‌ఆర్‌ఈ ఖాతా.

జవాబు: పన్నుల గుమాస్తా, స్కార్బరో

రెండోదానికి ముందు చెబుతాను, దానిలోనే ప్రమాదం ఎక్కువ. కెనడాలో పన్నుల రీత్యా నివాసి అయిన రోజు నుంచి ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా ఇక్కడ చూపించవలసిందే. అద్దెలోంచి మరమ్మతుల వంటి ఖర్చులు తీసివేయవచ్చు. ఇండియాలో కట్టిన పన్నుకు ఇక్కడ తగ్గింపు దొరుకుతుంది. ఎన్‌ఆర్‌ఈ వడ్డీపై ఇండియాలో పన్ను లేకపోవడం ఇక్కడి చట్టానికి సంబంధించినది కాదు, కనుక దానిపై ఇక్కడ పూర్తి పన్ను పడుతుంది. అది కుటుంబ నికర ఆదాయంలో కలిసి పిల్లల సాయాన్ని కూడా తగ్గిస్తుంది. విదేశాల్లో ఉన్న డిపాజిట్లు, అద్దెకిచ్చిన ఆస్తుల కొనుగోలు విలువ మొత్తం లక్ష కెనడియన్ డాలర్లు దాటితే టీ1135 అనే పత్రం కూడా దాఖలు చేయాలి. పన్ను ఒక్క డాలరు బాకీ లేకపోయినా, ఆ పత్రం ఆలస్యమైతే జరిమానా ఉంటుంది. పై లెక్కలో మీకు జీతం తప్ప వేరే ఆదాయం లేదనుకున్నాను, ఇప్పుడు దాన్ని సవరించుకోవాలి. మీ ఆవిడ ఉద్యోగంలో లేని ఏడాదికి అద్దె, వడ్డీ కలిపి 3 వేల డాలర్లు వచ్చాయనుకుంటే, వాటిపై పన్ను కాక పిల్లల సాయంలో మరో 405 డాలర్లు తగ్గుతాయి. ఇంతవరకు చూపించకపోయి ఉంటే పాత రిటర్నులను ఇక్కడి పన్నుల శాఖ సీఆర్‌ఏ అడగకముందే సవరించడం నయం.

అమ్మానాన్నల సంగతి. ఓల్డ్ ఏజ్ సెక్యూరిటీకి పద్దెనిమిదేళ్లు దాటాక కనీసం పదేళ్లు కెనడాలో నివసించి ఉండాలి, పూర్తి మొత్తానికి నలభై ఏళ్లు. పదేళ్లున్నవారికి నాలుగో వంతు వస్తుంది. సూపర్ వీసాపై వచ్చి వెళ్లేవారు సందర్శకులే, వారికి వర్తించదు. శాశ్వత నివాసానికి స్పాన్సర్ చేస్తే క్యూబెక్ కాక మిగిలిన ప్రావిన్సుల్లో ఇరవై ఏళ్లు వారి పోషణ బాధ్యత మీదని సంతకం పెడతారు. ఆ కాలంలో వారు సామాజిక సాయం తీసుకుంటే ఆ సొమ్ము మీ నుంచి వసూలు చేయవచ్చు. ఇండియా, కెనడాల మధ్య సామాజిక భద్రతా ఒప్పందం 2015 ఆగస్టు 1 నుంచి అమలులో ఉంది. మీ నాన్నగారు అక్కడ భవిష్య నిధి పింఛను పథకంలో చందా కట్టిన ఉద్యోగి అయితే, ఆ సంవత్సరాలు పదేళ్ల అర్హత పూర్తి చేయడానికి పనికి రావచ్చు. పింఛను మొత్తం మాత్రం ఇక్కడ నివసించిన సంవత్సరాల మేరకే ఇస్తారు. ఆయన పనిచేసిన సంస్థ నుంచి సర్వీసు కాగితాలు, పీఎఫ్ నంబరు ఇప్పుడే తెప్పించి ఉంచండి.